సౌండ్ కార్డా, కీబోర్డా, స్పీకర్లా? బీట్లు చేయాలనుకునేవాళ్లు ముందు ఏది కొనాలి

మా పిన్ని కొడుకు ఒక రాత్రి పదకొండింటికి కరీంనగర్ నుంచి ఫొటో పంపాడు. కొత్త అట్టపెట్టె, పక్కన నల్లటి పరికరం, దాని మీద దోసె పెనాల్లా రెండు చక్రాలు, మధ్యలో మీటలు, కింద వెలిగే ప్యాడ్లు. "అన్నా, డీజే కంట్రోలర్ కొన్న. రేపటి సంది బీట్లు చేసుడే" అని మెసేజ్. వాడి సంబరం చూసి ఆ రాత్రికి ఏమీ అనలేకపోయాను.

వాడు కొన్నది మంచి వస్తువే, దాని పని వేరు. డీజే కంట్రోలర్ ఉన్నది తయారైన పాటలను ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి తాళం తప్పకుండా దాటించడానికి. బరాత్ ముందు నడిచే బండి మీద దానిదే రాజ్యం. లేని పాటను కట్టడానికి కూర్చుంటే ఆ చక్రాలకు పనే ఉండదు. ప్యాడ్లను ఎలాగోలా సాఫ్ట్‌వేర్‌కు తగిలించవచ్చు గానీ అది గొడ్డలితో ఉల్లిపాయ తరిగే పని.

తప్పు వాడిది కూడా కాదు. షాపులో ఈ సామానంతా ఒక్కలాగే కనిపిస్తుంది: బటన్లు, లైట్లు, తిప్పే నాబ్‌లు. అందుకే నన్ను ఎవరడిగినా ముందు ఒకటే చెబుతాను. ప్రతి పెట్టెనూ చేతిలోకి తీసుకుని అడగండి: ఇది చెప్పేదా, మోగేదా, వినిపించేదా? మిడి కీబోర్డు, ప్యాడ్లు చెప్పేవి. సింథసైజర్ (కరెంటుతో శబ్దాన్ని తనే పుట్టించే వాయిద్యం, పొట్టిగా సింథ్), డ్రమ్ మెషిన్, లాప్‌టాప్‌లోని సాఫ్ట్‌వేర్ మోగేవి. హెడ్‌ఫోన్లు, స్పీకర్లు వినిపించేవి. మనవాళ్లు సౌండ్ కార్డు అని పిలిచే ఆడియో ఇంటర్‌ఫేస్ ఈ మూడింటిలోనూ లేదు. అది దర్వాజా. బయటి శబ్దం లోపలికి, లోపలి శబ్దం బయటికి దాని గుండా పోతుంది.

కొత్తవాళ్లు ఎక్కువ డబ్బు చెప్పేవాటి మీద పెడతారు, ఎందుకంటే అవి మెరుస్తాయి. వినిపించేవాటికి మిగిలిన చిల్లర. నా సలహా దీనికి పూర్తిగా తిరగేసి ఉంటుంది.

మిడి గురించి నాలుగు మాటలు

మిడి కీబోర్డు తెచ్చి ప్లగ్ పెట్టి నొక్కితే కిక్కురుమనదు. పాడైపోలేదు, దానికి గొంతే లేదు. కేబుల్లోంచి పోయేది శబ్దం కాదు, సమాచారం: ఏ మెట్టు నొక్కారు, ఎంత గట్టిగా నొక్కారు (0 నుంచి 127 దాకా ఒక అంకె), ఎప్పుడు వదిలారు. స్వరం రాసిన కాగితం తనంతట తాను పాడదు కదా, ఇదీ అంతే. పాడేది లాప్‌టాప్‌లోని వాయిద్యం.

ఈ భాష అందరికీ ఒకటే కావడం వెనక కథ ఉంది. 1983 జనవరిలో అమెరికాలో నామ్ అనే వాయిద్యాల ప్రదర్శనలో సీక్వెన్షియల్ సర్క్యూట్స్ వాళ్ల ప్రాఫెట్-600నీ, జపాన్ రోలాండ్ వాళ్ల జూపిటర్-6నీ ఒక కేబుల్‌తో కలిపి, ఒకదాని మీద వాయిస్తే రెండోది మోగేలా చూపించారు. పోటీ కంపెనీలు రెండూ ఒకే భాష ఒప్పుకున్నాయి. దానివల్ల ఈరోజు మీకు దక్కేది ఏమిటంటే, ఏ కంపెనీ కీబోర్డు కొన్నా ఏ సాఫ్ట్‌వేర్‌తోనైనా మాట్లాడుతుంది.

కాబట్టి కొత్తది కొనేముందు మీ ఇంట్లో అటక ఎక్కండి. చిన్నప్పుడు కొనిపెట్టిన క్యాసియోనో యమహానో గుడ్డ కప్పుకుని ఉంటే దించి వెనక్కి తిప్పి చూడండి. ప్రింటర్‌కు గుచ్చే లాంటి చదరపు యూఎస్‌బీ పోర్టు ఉంటే మీ మిడి కీబోర్డు దొరికినట్టే. అయిదు కన్నాల గుండ్రటి సాకెట్ ఉన్నా సరే, యూఎస్‌బీ-మిడి కేబుల్ ఒకటి తెచ్చుకుంటే చాలు. ఆర్కెస్ట్రాల్లో వాయించే రోలాండ్ ఆక్టాప్యాడ్‌కు కూడా ఇదే దారి. భజనల్లో, చర్చిలో రిథమ్ వాయించే కుర్రాళ్లు తమ చేతిలో ఉన్నది ఇంత మంచి కంట్రోలర్ అని తెలియక, దాన్ని పక్కన పెట్టి బొటనవేలంత ప్యాడ్లున్న బుల్లి పెట్టె కొంటున్నారు.

లాప్‌టాప్, సాఫ్ట్‌వేర్

పాట కట్టే సాఫ్ట్‌వేర్‌ను డీఏడబ్ల్యూ అని రాస్తారు, ‘డా’ అని పలుకుతారు. దీని మీద జరిగే వాదనలు హీరోల ఫ్యాన్స్ గొడవల్లాంటివి. క్లుప్తంగా తేల్చేద్దాం.

ఎఫ్ఎల్ స్టూడియో 1997లో ఫ్రూటీలూప్స్ పేరుతో బెల్జియంలో పుట్టింది. గళ్లలో చుక్కలు పెడితే డ్రమ్స్ మోగే పద్ధతి దానిది, అందుకే బీట్‌తో మొదలుపెట్టేవాళ్లకు చేతికి త్వరగా వస్తుంది. ఒకసారి కొంటే తర్వాతి వెర్షన్లన్నీ ఉచితం. రెండు మెలికలు చూసుకోండి. ఉచిత ట్రయల్‌లో పాట చేసుకోవచ్చు, ఎగుమతి చేసుకోవచ్చు, కానీ సేవ్ చేసిన ప్రాజెక్టు కొనేదాకా మళ్లీ తెరుచుకోదు. ఇక అన్నిటికన్నా చవకైన ఫ్రూటీ ఎడిషన్‌లో గొంతు రికార్డు చేయడం కుదరదు, దానికి ప్రొడ్యూసర్ ఎడిషన్ కావాలి. పాడేవాళ్లు ఈ తేడా చూడకుండా కొని తర్వాత తలపట్టుకుంటారు.

ఏబుల్టన్ లైవ్ బెర్లిన్‌ది, 2001లో వచ్చింది. చిన్న చిన్న లూపులను పక్కపక్కన పెట్టుకుని అప్పటికప్పుడు వేసి తీసి ఆడుకోవడానికి దీన్ని మించింది లేదు. స్టేజీ మీద వాయించే ఆలోచన ఉంటే ఇదే. పూర్తి ఎడిషన్ ఖరీదెక్కువ, కానీ చాలా మిడి కీబోర్డులతో, సౌండ్ కార్డులతో దీని లైట్ వెర్షన్ ఉచితంగా వస్తుంది. ట్రాక్‌ల సంఖ్యకు హద్దు ఉంటుంది, నేర్చుకోవడానికి అది అడ్డం కాదు.

మ్యాక్ ఉన్నవాళ్లు ఆలోచించనే అక్కర్లేదు. గరాజ్‌బ్యాండ్ ఉచితం, అందులో చేసిన ప్రాజెక్టు రేపు లాజిక్ ప్రోలో తెరుచుకుంటుంది. విండోస్‌లో డబ్బు తక్కువైతే రీపర్: 60 రోజులు పూర్తిగా వాడి చూడొచ్చు, వ్యక్తిగత లైసెన్స్ 60 డాలర్లు. పాత లాప్‌టాప్ మీద కూడా తేలిగ్గా నడుస్తుంది. దాంతోపాటు వాయిద్యాలు పెద్దగా రావు, అవి మీరే తెచ్చుకోవాలి. అదేమీ కష్టం కాదు. వైటల్, సర్జ్ ఎక్స్‌టీ, 1983 నాటి యమహా డీఎక్స్7ను అనుకరించే డెక్స్‌డ్, ఈ మూడూ ఉచిత సింథ్‌లే. ఈ మూడింటినీ అడుగంటా తెలుసుకునే సరికి ఏళ్లు పడతాయి.

నిజానికి నేను చూసే కొలత ఇంకొకటి ఉంది. మీరు ఫోన్ చేస్తే ఎత్తి "ఆ బటన్ ఎడమ పక్కన చూడు" అని చెప్పేవాడు ఏ సాఫ్ట్‌వేర్ వాడుతున్నాడో అదే తీసుకోండి. మొదటి ఆరు నెలల్లో మీకు ఫీచర్లకన్నా ఆ మనిషే ఎక్కువ పనికొస్తాడు.

లాప్‌టాప్ సంగతికొస్తే, 8 జీబీ ర్యామ్‌తో బండి నడుస్తుంది, 16 ఉంటే పరిగెడుతుంది. హార్డ్ డిస్కు స్థానంలో ఎస్ఎస్‌డీ మాత్రం ఉండి తీరాలి. పాత మెషిన్ అయితే సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులన్నీ ఒక్కచోట ఉండే సీటీసీలాంటి చోటికి తీసుకెళ్లి ర్యామ్ పెంచే వీలుందో లేదో ముందు అడగండి. పలచటి లాప్‌టాప్‌ల్లో చాలావాటికి ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, మార్చడం కుదరదు. లాప్‌టాపే లేకపోతే ఐప్యాడ్‌లో గరాజ్‌బ్యాండ్, ఫోన్‌లో కోలా శాంప్లర్ పెట్టుకుని మొదలుపెట్టండి. వీధిలో పోతున్న డప్పు మోతను ఫోన్‌తోనే రికార్డు చేసి, ముక్కలు కోసి, తీన్మార్ అల్లడం కోలాలో పది నిమిషాల పని.

హెడ్‌ఫోన్లా, స్పీకర్లా

ఇక్కడ కాసేపు ఆగాలి, ఎందుకంటే నేను బాగా డబ్బు పోగొట్టుకున్నది ఇక్కడే.

మొదటి జీతాలు కూడబెట్టి అయిదంగుళాల స్టూడియో స్పీకర్ల జత కొన్నాను. అప్పుడున్న గది పదికి పది అడుగులు, పైకప్పు కూడా పదే. టైల్స్ నేల, సున్నం వేసిన గోడలు. సినిమాల్లో చూసినట్టు టేబుల్‌ను గది మధ్యకు లాగి దర్జాగా కూర్చున్నాను. కిక్ డ్రమ్ వినపడదు. పెంచాను. ఇంకాస్త పెంచాను. తృప్తిపడి ఆ పాటను స్నేహితుడి కారులో పెడితే అద్దాలు గలగలలాడాయి, వెనక సీట్లో వాళ్ల నాన్నగారు "బండిలో ఏదో ఊడినట్టుంది, చూడరా" అన్నారు.

స్పీకర్లు బాగానే ఉన్నాయి, నేరం గదిది. పది అడుగులంటే సుమారు 3.05 మీటర్లు. శబ్దం సెకనుకు 343 మీటర్లు పోతుంది. ఎదురెదురు గోడల మధ్య నిలిచిపోయే మొదటి అల ఎంతో లెక్క కట్టాలంటే 343ను 3.05కు రెట్టింపుతో భాగించాలి: దాదాపు 56 హెర్ట్జ్. కిక్ డ్రమ్ బలమంతా ఉండేది ఆ చుట్టుపక్కలే. ఈ అల గోడల దగ్గర ఉబ్బుతుంది, గది నడిమధ్య దాదాపు మాయమవుతుంది. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ పదే అయ్యేసరికి మూడు వైపుల అలలూ ఒకే అంకె మీద పడ్డాయి. నేను కుర్చీ వేసుకున్నది సరిగ్గా ఆ గుంటలో. మన ఊళ్లలో పదికి పది గదులు ఎన్ని ఉన్నాయో మీకే తెలుసు.

గుడ్ల ట్రేలు, పలచటి స్పాంజి ముక్కలు గోడకు అతికిస్తే చప్పట్లు కొట్టినప్పుడు వచ్చే మోత కాస్త తగ్గుతుంది. 56 హెర్ట్జ్‌కు అవి ఉన్నా లేనట్టే. ఆ అల పొడవు ఆరు మీటర్లు, అంగుళం మందం స్పాంజి దాన్ని ఆపలేదు. దూది పరుపు మూలకు నిలబెట్టడం, బట్టలు కుక్కిన బీరువా తలుపు తీసి ఉంచడం కొంచెం మెరుగు. టేబుల్‌ను మధ్య నుంచి జరిపి, ముందు గోడ నుంచి గది పొడవులో మూడో వంతుకు కాస్త పైగా దూరంలో తల ఉండేలా కూర్చోవడం ఖర్చులేని ఉపాయం. రెండు స్పీకర్లూ మీ తలా కలిస్తే మూడు భుజాలూ సమానమైన త్రిభుజం రావాలి, ట్వీటర్ (సన్నని శబ్దాలు ఇచ్చే చిన్న గుండ్రటి భాగం) చెవి ఎత్తున ఉండాలి.

ఇన్ని చేసినా, యమహా హెచ్ఎస్5 లాంటి పేరున్న అయిదంగుళాల స్పీకర్ సైతం దాదాపు 54 హెర్ట్జ్ దగ్గరికి వచ్చేసరికి పది డెసిబెల్స్ నీరసిస్తుంది, కంపెనీ కాగితమే ఆ మాట చెబుతుంది. ఎలక్ట్రానిక్ సంగీతంలో సబ్ బేస్, అంటే అట్టడుగు బేస్, దానికింద ఉంటుంది. అంటే గదిలో వినపడని దాన్ని మిక్స్ చేస్తున్నారన్నమాట.

అదే డబ్బులో చిన్న భాగానికి వచ్చే హెడ్‌ఫోన్లకు గది లేదు. రాత్రి పన్నెండింటికి పక్కింటివాళ్లు తలుపు కొట్టరు. అందుకే మొదటి కొనుగోలు ఇవే కావాలంటాను. చెవులు పూర్తిగా కప్పే, వెనక మూసి ఉండే రకం తీసుకోండి: సోనీ ఎండీఆర్-7506, ఆడియో-టెక్నికా ఎం40ఎక్స్, బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రో. వెనక తెరిచి ఉండే డీటీ 990 ప్రో, సెన్‌హైజర్ హెచ్‌డీ 600 లాంటివి గాలి ఆడినట్టు విశాలంగా వినిపిస్తాయి, మిక్సింగ్‌కు హాయి. కానీ శబ్దం బయటికి పోతుంది, బయటి శబ్దం లోపలికి వస్తుంది. సీలింగ్ ఫ్యాన్, కుక్కర్ విజిల్, పక్కగదిలో సీరియల్ ఉన్న ఇంట్లో అవి దండగ. పాడేటప్పుడు అయితే హెడ్‌ఫోన్లోని తాళం మైకులోకి దూరుతుంది.

డీటీ 770 ప్రో కొంటే ఓమ్‌ల అంకె చూడండి. 32, 80, 250 అని మూడు రకాలు. 250 రకాన్ని లాప్‌టాప్‌కు నేరుగా గుచ్చితే ఎంత పెంచినా గొణుగుతున్నట్టే ఉంటుంది.

బ్లూటూత్ హెడ్‌ఫోన్లు ఉన్నాయి కదా, అవి చాలవా అని ప్రతి రెండోవాడూ అడుగుతాడు. పాటలు వినడానికి చాలు. వాయించడానికి చాలవు, మెట్టు నొక్కిన తర్వాత శబ్దం వచ్చేసరికి తాళం దాటిపోతుంది. ఇంకో చిక్కు, బేస్ పెంచి వినిపించేలా తయారైన హెడ్‌ఫోన్‌తో పాట చేస్తే మీకు తెలియకుండానే బేస్ తక్కువ పెడతారు. మీ చెవిలో ఉరుమినది ఇతరుల స్పీకర్లో పలచగా ఉంటుంది.

సౌండ్ కార్డు నిజంగా కావాలా

మైకు, గిటారు, బయటి సింథ్ ఏదీ రికార్డు చేయకపోతే, హెడ్‌ఫోన్ లాప్‌టాప్‌కే గుచ్చుకుంటే, అక్కర్లేదు. మొదటి రోజే కొనాలని యూట్యూబ్ చెబుతుంది, వినకండి. మ్యాక్‌లో అసలు ఇబ్బందే ఉండదు. విండోస్‌లో ఆలస్యం ఎక్కువ ఉంటే ముందు ఏసియో4ఆల్ అనే ఉచిత డ్రైవర్ పెట్టి చూడండి.

ఆలస్యమంటే ఏమిటో ఒక లెక్క. సాఫ్ట్‌వేర్‌లో బఫర్ అనే అంకె ఉంటుంది, కంప్యూటర్ ఒక్కో విడత ఎంత శబ్దం పోగేసి పంపాలో అది చెబుతుంది. 44,100 శాంపుల్ రేటులో (శబ్దాన్ని సెకనుకు అన్నిసార్లు కొలుస్తారు) బఫర్ 512 పెడితే ఆ ఒక్కదానివల్లే 11.6 మిల్లీసెకన్లు, 128 పెడితే 2.9. శబ్దం మిల్లీసెకనుకు 34 సెంటీమీటర్లు నడుస్తుంది కాబట్టి మొదటిది నాలుగు మీటర్ల అవతల ఉన్న స్పీకర్‌ను వింటూ వాయించడం లాంటిది, రెండోది మీటరు దూరం. అంకె బాగా తగ్గిస్తే కంప్యూటర్‌కు ఊపిరాడక టపటపమంటుంది. వాయించేటప్పుడు తగ్గించుకుని, మిక్స్ చేసేటప్పుడు పెంచుకోవడం అందరూ చేసే పని. మంచి సౌండ్ కార్డు డ్రైవర్ తక్కువ అంకె దగ్గర కూడా తొణకదు, మీరు డబ్బు పెట్టేది చాలావరకు దానికే.

కొనే రోజు వచ్చినప్పుడు ఎక్కువమంది తటపటాయించేది ఫోకస్‌రైట్ స్కార్లెట్ సోలో, 2ఐ2 మధ్య. సోలోలో ఒక మైకు, ఒక గిటారు లేదా లైన్. పాడుతూ గిటారు వాయించేవాళ్లకు, ర్యాప్ చేసేవాళ్లకు అది సరిపోతుంది. కీబోర్డు శబ్దాన్నే ఎడమ, కుడి రెండు వైర్లతో స్టీరియోగా రికార్డు చేయాలంటే సోలోతో కుదరదు, 2ఐ2 కావాలి. ఆర్కెస్ట్రా కీబోర్డు ప్లేయర్లు కొంచెం ఎక్కువ పెట్టి రెండోది తీసుకోవడమే మేలు. ఈ రెండింటికీ అయిదు కన్నాల మిడి సాకెట్ లేదు. ఆక్టాప్యాడ్ ఉన్నవాళ్లు అది కూడా అదే పెట్టెలో కావాలనుకుంటే మోటు ఎం2 చూడవచ్చు. పెట్టె మీద 192 కిలోహెర్ట్జ్ అని పెద్ద అక్షరాలు చూసి మోసపోకండి. 24 బిట్, 44.1 లేదా 48 దగ్గర పని చేసుకోండి.

మైకు గురించి ఒకే మాట. కండెన్సర్ మైకు (48 వోల్ట్ల ఫాంటమ్ పవర్, అంటే సౌండ్ కార్డు మైకు వైరులోంచే పంపే కరెంటు, కావాలి) మీ గొంతుతో పాటు ఫ్యాన్‌నీ, వీధిలో ఆటోనీ రాసుకుంటుంది. శబ్దాల మధ్య ఉన్న ఇంట్లో ష్యూర్ ఎస్ఎం58 లాంటి డైనమిక్ మైకును నోటికి దగ్గరగా పెట్టుకుని పాడితే పని అవుతుంది.

మెట్లు ఎన్ని, ప్యాడ్లు ఎన్ని

25 మెట్ల బుల్లి కీబోర్డు బ్యాక్‌ప్యాక్‌లో పడుతుంది. అకాయ్ ఎంపీకే మినీ, నొవేషన్ లాంచ్‌కీ మినీ, ఆర్టూరియా మినీల్యాబ్ ఈ వర్గంలోవి. ఒక చేత్తో బేస్ లైన్, ఒక వేలితో మెలొడీ వేసేవాళ్లకు చాలు. రెండు చేతులతో వాయించడం వచ్చినవాళ్లకు రెండు ఆక్టేవులు నాలుగు రోజుల్లో ఇరుకవుతాయి, మెట్లు కూడా సన్నం. వాళ్లు 49 దగ్గర మొదలుపెట్టాలి. ఎం-ఆడియో కీస్టేషన్ 49లో ప్యాడ్లూ గీడ్లూ లేవు, ఉన్న మెట్లు మామూలు సైజువి.

మనవాళ్లు ప్రత్యేకంగా చూడాల్సింది పిచ్ బెండ్. ఇంగ్లీషు రివ్యూల్లో దాన్ని ఒక వాక్యంలో దాటేస్తారు. జానపదమైనా, రాగం తగిలిన సింథ్ లీడ్ అయినా మనకు స్వరం నుంచి స్వరానికి జారడం కావాలి, గమకం లేకపోతే పాట బడి గంటలా మోగుతుంది. ఎంపీకే మినీ పాత మోడళ్లలో బెండ్‌కు బొటనవేలితో తిప్పే చిన్న జాయ్‌స్టిక్ ఉంటుంది. పక్కకు లాగబోతే పైకి కూడా జరిగి ఇంకేదో మారుతుంది. లాంచ్‌కీ మినీ, మినీల్యాబ్‌లలో వేలితో రాసే పట్టీ, జారుడుకు పర్లేదు. కంపనం ఒకే లోతుతో నిలకడగా పట్టాలంటే స్ప్రింగుతో మధ్యకు తిరిగొచ్చే చక్రమే హాయి, కీస్టేషన్‌లో అదే. ఏది కొన్నా సింథ్‌లో బెండ్ పరిధి ఎంతుందో చూసుకోండి. మామూలుగా 2 అర్ధస్వరాలు ఉంటుంది. స నుంచి గ దాకా ఒక్క ఊపులో జారాలంటే సాధారణ గాంధారానికి 3, అంతర గాంధారానికి 4 పెట్టుకోవాలి.

తాళం వాయించే చేతులకు ప్యాడ్లు. లాంచ్‌ప్యాడ్ 8 వరుసల్లో 8 చొప్పున 64 గళ్లు, చూడ్డానికి దీపావళి. కొనేముందు మోడల్ పేరు చదవండి: లాంచ్‌ప్యాడ్ మినీకి మీరు మెల్లగా కొట్టారో గట్టిగా కొట్టారో తెలియదు, లాంచ్‌ప్యాడ్ ఎక్స్‌కు తెలుస్తుంది. డప్పు, డోలు వాయించినవాడికి ఆ తేడానే ప్రాణం.

లాప్‌టాప్ లేకుండా మోగే పెట్టెలు

కోర్గ్ వోల్కాలు (2013), టీనేజ్ ఇంజనీరింగ్ పాకెట్ ఆపరేటర్లు (2015), నొవేషన్ సర్కిట్ ట్రాక్స్ (2021), అకాయ్ ఎంపీసీ వన్ (2020). వీటిని చూస్తే ఎవరికైనా చెయ్యి జివ్వుమంటుంది. ఆఫీసులో రోజంతా స్క్రీన్ చూసినవాడికి ఇంటికొచ్చి ఇంకో స్క్రీన్ తెరవబుద్ధి కాదు, ఆ మనిషికి వీటిలో ఒకటి నిజంగా మందు.

వీటి చరిత్ర మనకూ కాస్త తగులుతుంది. రోలాండ్ టీఆర్-808 డ్రమ్ మెషిన్ 1980లో వచ్చింది, టీబీ-303 బేస్ పెట్టె 1981లో. రెండూ అప్పట్లో పెద్దగా అమ్ముడుపోలేదు, తర్వాత పాత సామాను ధరకు కొన్న షికాగో, డెట్రాయిట్ కుర్రాళ్లు వాటితో కొత్త సంగీతమే పుట్టించారు. దానికి ముందే 1982లో ముంబయిలో చరణ్‌జీత్ సింగ్ అనే సినిమా సెషన్ వాద్యకారుడు ఆ రెండింటికీ తోడు రోలాండ్‌దే జూపిటర్-8 సింథ్ పెట్టుకుని హిందుస్తానీ రాగాలను డిస్కో తాళం మీద వాయించి రికార్డు చేశాడు. మూడంటే మూడు పెట్టెలు.

అయినా మొదటి కొనుగోలుగా నేను వీటిని సిఫారసు చేయను. 808 శబ్దం ఇవాళ చాలా సాఫ్ట్‌వేర్లలో ఉచితంగా దొరుకుతుంది. వోల్కా ఒక్కటి కొంటే రెండోది కావాలనిపిస్తుంది, రెండు కాగానే మిక్సర్ కావాలి, కేబుళ్లు కావాలి. అడాప్టర్ మామూలుగా విడిగా కొనుక్కోవాలి, లేదంటే ఆరు ఏఏ బ్యాటరీలు. స్క్రీన్ వద్దే వద్దనుకుంటే సర్కిట్ ట్రాక్స్ దగ్గర ఆగండి. రెండు సింథ్‌లు, నాలుగు డ్రమ్ ట్రాక్‌లు, చార్జింగ్ బ్యాటరీ అన్నీ ఒకే పెట్టెలో ఉంటాయి. పూర్తి పాట దాంట్లోనే తేలుతుంది. ఎంపీసీ వన్ అంతకన్నా చాలా లోతైనది, ఖరీదైనది, ప్లగ్ లేకుండా కదలదు.

డబ్బు చేతిలో పెట్టుకుని అడిగితే

లాప్‌టాప్ ఉండి చేతిలో పది వేలుంటే మొత్తం హెడ్‌ఫోన్ల మీద పెట్టి, సాఫ్ట్‌వేర్ ఉచితమైనది తీసుకుని, మామూలు టైపింగ్ కీబోర్డుతో వాయించండి. నవ్వకండి, చాలా సాఫ్ట్‌వేర్లలో ఆ సదుపాయం ఉంది. ఇరవై ఉంటే సగం హెడ్‌ఫోన్లకు, సగం 25 మెట్లకో ప్యాడ్లకో. పాడేవాళ్లయితే ఆ రెండో సగం సౌండ్ కార్డుకూ మైకుకూ, మెట్లు తర్వాత. స్పీకర్ల మాట సొంత గది, అందులో ఇష్టమొచ్చినట్టు సామాను జరిపే హక్కు రెండూ వచ్చాక.

మా తమ్ముడి కథ ఎటు పోయిందంటే, ఆ కంట్రోలర్‌ను పెట్టెతో సహా వాళ్ల ఊరి డీజే బండి ఓనరుకే అమ్మాడు. వచ్చిన డబ్బుతో ఎండీఆర్-7506, పాత 49 మెట్ల కీబోర్డు ఒకటి. ఆ పాతది కొనడానికి నన్ను వెంట తీసుకెళ్లాడు కాబట్టి ఆ రోజు ఏమేం చూశామో చెబుతాను, మీకూ పనికొస్తుంది.

లాప్‌టాప్, సొంత కేబుల్ మేమే తీసుకెళ్లాం. అమ్మేవాడి మెషిన్ మీద పనిచేయడం మనకు సాక్ష్యం కాదు. ప్రతి మెట్టునూ మెల్లగా ఒకసారి, గట్టిగా ఒకసారి నొక్కి సాఫ్ట్‌వేర్‌లో అంకె మారుతోందో లేదో చూశాం. ఒక మెట్టు ఎలా కొట్టినా 127 చూపించింది, దానికి అయిదొందలు తగ్గించాడు. బెండ్ చక్రం వదిలేశాక సరిగ్గా సున్నాకు వస్తోందా, యూఎస్‌బీ పోర్టు దగ్గర కేబుల్ కదిపితే కనెక్షన్ పోతోందా చూశాం. సౌండ్ కార్డు అయితే హెడ్‌ఫోన్ పెట్టుకుని నాబ్‌లన్నీ తిప్పి కరకర వినపడుతోందేమో చూడాలి. జుయ్‌మని హమ్ వస్తుంటే లాప్‌టాప్ చార్జర్ పీకి చూడండి. ఆగిపోతే పెట్టె తప్పు కాకపోవచ్చు, లోపం చార్జర్‌లోనో ఆ ఇంటి ఎర్త్‌లోనో ఉండొచ్చు. చివరిగా, "దీంతో పాటు ఏబుల్టన్ లైట్ కూడా ఫ్రీ" అని అమ్మేవాడు అంటే, అతను ఇప్పటికే తన పేరున రిజిస్టర్ చేసుకున్నాడా అని అడగండి. ఆ కోడ్ మొదటి ఓనరు వాడేసుకుని ఉంటే మీకు వచ్చేది కీబోర్డు మాత్రమే, ధర అక్కడి నుంచి మాట్లాడుకోవాలి.